ఒంటికాలి కొంగ వేట

మా ఇంట్లో ఒక కథ ఉంది. పద్దెనిమిదేళ్ళ వయసులో నేను అరకు కొండల్లో కూర్చుని, మూడంటే మూడు రోజుల్లో నూట ఇరవై ఇంగ్లీషు మాటలు వేటాడి, ఆ దెబ్బతో అడవి ఆఫీసులో ఉద్యోగం కొట్టానన్నది ఆ కథ. పెళ్ళిచూపుల్లో మా మామగారికి చెప్పాను. పెళ్ళయ్యాక మా ఆవిడకి చెప్పాను. పిల్లలు ఇంగ్లీషులో తప్పినప్పుడల్లా చెవి మెలిపెట్టి మరీ చెప్పాను. చెప్పినప్పుడల్లా మాటలు నాలుగో ఐదో పెరుగుతూ వచ్చాయి. నూట ఇరవై దగ్గర ఆగడానికి కారణం నా నిజాయితీ కాదు, మా ఆవిడ. "ఇంక చాలండీ, మిగతావాళ్ళకి కూడా డిక్షనరీలో కొన్ని ఉంచండి" అంది ఒకరోజు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆపేవాళ్ళు లేరు కనుక ఈపాటికి కథ రెండొందలు దాటవలసిందే గాని, మొన్న వెల్ల వేయించడానికి అటక మీది సామాను దింపుతుంటే పాత ట్రంకుపెట్టెలోంచి ఆ డిక్షనరీయే బయటపడింది.

అట్ట ఎప్పుడో పోయింది. అంచులు చెదలు తిన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ పొగ, కర్పూరం, తడిసిన గొంగళి కలిసిన వాసన. మా మనవరాలు కాలేజీలో చదువుతోంది, ఆదివారం పేపర్లో గళ్ళు నింపనిదే కాఫీ ముట్టదు. అది పుస్తకం లాక్కుని పేజీలు తిప్పి, "తాతయ్యా, కొన్ని మాటల పక్కన ఈ నల్లచుక్కలేమిటి?" అంది. "నేను వేటాడిన మాటలే అవి" అన్నాను మీసం మీద చెయ్యి వేసి. అది ఊరుకుంటే బాగుండేది. వక్కపలుకులు ఏరినట్టు చుక్కలన్నీ ఏరి, గంట తర్వాత వచ్చి, "ముప్పై ఎనిమిది" అంది. "మిగతా ఎనభై రెండూ ఎక్కడున్నాయి తాతయ్యా?"

కొన్ని చెదలు తినేశాయన్నాను. చెదలు అంచులే తిన్నాయంది. సరే, లెక్క ఎలాగూ తేలిపోయింది కనుక కథ కూడా తేల్చేస్తాను. ముప్పై ఎనిమిది అనే మాట నిజం. ఆ ముప్పై ఎనిమిదిలో నావి ఎన్ని అన్నది చివర చెప్తాను. ఇప్పుడే చెప్తే మీరు పేజీ తిప్పేస్తారు.

నేను ఇంగ్లీషులో రెండుసార్లు తప్పాను. మా నాన్నది శృంగవరపుకోట పక్కన చెరకు వ్యవసాయం. రెండోసారి కూడా నా నంబరు కనపడకపోయేసరికి, "మూడోసారి పరీక్షకి కాదు, గానుగ ఎడ్ల వెనక్కి పంపుతాను నిన్ను. అవి ఇంగ్లీషు అడగవు" అన్నాడు. గానుగ చుట్టూ తిరగడమంటే నాకు పరీక్ష కన్నా భయం. ఆ సమయానికి కొండ మీద అడవి ఆఫీసులో ఉన్న మా మేనమామ దగ్గర్నుంచి కార్డు వచ్చింది: రేంజరు గారికి నకళ్ళు రాసే మనిషి కావాలి, మనవాడి దస్తూరీ బాగుంటుంది కదా, పంపండి అని. మా అమ్మ ఏడ్చింది. ఆ రోజుల్లో కొండ ఎక్కడమంటే జ్వరంతో దిగడమనే లెక్క. మా నాన్న మాత్రం ఎడ్లబండి కట్టించి, "ఉత్త చేతుల్తో దిగావంటే గానుగే" అని మరోసారి గుర్తుచేసి పంపించాడు.

ఘాట్‌లో అనంతగిరి మలుపు తిరిగాక పులి ఎదురొచ్చింది. మా పిల్లలకి ఈ పులిని తోకతో సహా పదకొండడుగులు చేసి చెప్పాను. నిజానికి పులి రాలేదు, పులి అడుగు ఉంది దుమ్ములో. అదీ నేను చూడలేదు. బండివాడు చూశానన్నాడు, నేను కళ్ళు మూసుకున్నాను. ఈ మధ్య అదే కొండలోంచి రైలు పోతోంది. సొరంగం తర్వాత సొరంగం, పిల్లలు ప్రతిసారీ ఓ అని అరుస్తారు, మూడు గంటల్లో లోయలో ఉంటాం. మాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఎద్దుల మెడగంటలు తప్ప చెవికి వేరే పని లేదు.

మా మావయ్య రేంజి ఆఫీసులో హెడ్డు గుమాస్తా. హెడ్డే గాని కింద మొండెం లేదు, గుమాస్తా ఆయన ఒక్కడే. జ్వరానికి భయపడి మా అత్తయ్య కొండ ఎక్కనంది కనుక వంటా వార్పూ ఆయనదే. మనిషి నిండా జాగ్రత్తలే. మెడలో కర్పూరం సంచి, చెవులకి మఫ్లరు, నడి ఎండలో కూడా కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు. తెల్లారగానే మిరియాలు వేసి మరిగించిన నీళ్ళు ఒక గ్లాసు, దాని వెంట క్వినైను మాత్ర. నాలుక కింద దాచి ఉమ్మేద్దామంటే కుదరదు, "నోరు తెరు, నాలుక ఎత్తు" అని చూసేవాడు. ఆ చేదు మధ్యాహ్నం దాకా ఉండేది, ఉలవచారు కూడా చేదే. బయట మాత్రం చైత్రమాసపు గాలి. ప్రతి గుడిసె ముందూ చాపల మీద ఇప్పపువ్వు ఎండుతుండేది. ఆ తియ్యటి మత్తువాసన ఒకవైపు, ఆఫీసు వరండా కింద కట్టేసిన రేంజరు గారి గుర్రం వాసన ఒకవైపు, మధ్యలో మా మావయ్య కర్పూరం. ఇప్పటికీ ఈ మూడూ కలిస్తేనే నాకు యౌవనం అనే మాటకి అర్థం తెలుస్తుంది.

రేంజరు గారు రాజమండ్రి వైపు మనిషి. సంసారం అక్కడే, ఆయన ఇక్కడ. సాయంకాలం చదరంగం ఆడడానికి కూడా తోడు లేని ఆ ఊళ్ళో ఆయనకి పట్టిన పిచ్చి ఒక్కటే. మద్రాసు నుంచి తపాలాలో ఒక ఇంగ్లీషు వారపత్రిక వచ్చేది. అందులో వారంవారం మూడు అక్షరాలు ఇచ్చేవారు. ఆ మూడూ ఉన్న మాటలు, వరసగా ఉండనక్కర్లేదు, ఎక్కడున్నా సరే, ఎన్ని దొరికితే అన్ని రాసి పంపాలి. ఎక్కువ పంపినవాళ్ళ పేర్లు అచ్చువేస్తారు. ఆయన పేరు ఒక్కసారైనా అచ్చులో చూసుకోవాలని ఆయనకి ఎంత కోరికంటే, అడవి తగలబడుతోందని గార్డు పరుగెత్తుకొస్తే, "ఉండవయ్యా, జడ్ ఉన్న మాట ఒకటి తట్టేలా ఉంది" అన్నాడట. ఇది మా మావయ్య చెప్పింది. మా వంశంలో పెంచి చెప్పడం అటువైపు నుంచే వచ్చింది.

నా దస్తూరీ చూసి రేంజరు గారు తలూపారు. "బాగుంది. కురుపాం నుంచి ఇంకో కుర్రాడు కూడా అర్జీ పెట్టాడు, వాడిదీ బాగుంది. అడవి ఆఫీసులో దస్తూరీ కన్నా ఓపిక ముఖ్యమయ్యా. వెతకగలవాడు కావాలి నాకు." అంటూ డిక్షనరీ నా చేతిలో పెట్టారు. ఆ వారం అక్షరాలు క్యూ, ఎన్, వై. శుక్రవారం సంతకి తపాలా మనిషి కిందికి దిగుతాడు, ఆలోగా జాబితా కావాలి. "నీ సొంతంగా వెతకాలి సుమా. మంచి జాబితా తెస్తే ఉద్యోగం నీదే. లేకపోతే కురుపాం వాడిని పిలిపిస్తాను." నాకు కళ్ళ ముందు గానుగ తిరిగింది.

మొదటి రోజంతా ‘ఏ’ దగ్గర్నుంచి చదువుకుంటూ కూర్చున్నాను. ఒక్కో మాటా, దాని అర్థమూ, మళ్ళీ అర్థానికి అర్థమూ. పది పేజీలయ్యేసరికి నిద్ర. మా మావయ్య జాలిపడి, "క్వాంటిటీ రాసుకోరా అల్లుడా, వెదుళ్ళ రిజిష్టర్లో రోజూ రాత్తాను. ఎంక్వైరీ కూడా రాసుకో, అది నా మీదే ఒకటి నడుత్తన్నాది" అన్నాడు. రెండయ్యాయి. మూడోది నా సొంతం. మర్నాడు పొద్దున్నే మాత్ర మింగుతుంటే తళుక్కున మెరిసింది: క్వినైను! ఎగిరి గంతేసి, డిక్షనరీలో దాని పక్కన పెన్సిలుతో ఇంతలావు గీత కొట్టాను.

ఆ మధ్యాహ్నం వరండాలో కునుకుతుంటే చాటలో గింజల చప్పుడు వినిపించింది. ఆఫీసు ఊడ్చి నీళ్ళు పోసే బుదురి, అరుగు కింద కూర్చుని సామల్లో రాళ్ళు ఏరుకుంటోంది. బుధవారం పుట్టింది కనుక బుదురి. యాభై ఏళ్ళుంటాయి. చేతుల నిండా కంచు కడియాలు, నోట్లో ఆరని పొగాకు చుట్ట. నేను ఆమెని పేరు పెట్టే పిలిచేవాణ్ణి. మా అమ్మ కన్నా పెద్దదానిని అలా పిలవకూడదని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

"ఏటి బాబూ, ఆ బుక్కులో అంత ఒంగి ఎతుకుతన్నావు? పేలేటి?" అంది.

"మాటలు."

"పోగొట్టుకున్నావా?"

విసుక్కుంటూనే మూడు అక్షరాలూ పుస్తకంలో అచ్చేసినట్టే చిన్న అక్షరాల్లో పుల్లతో మట్టిలో గీసి, ఈ మూడూ ఒక్కచోట ఉన్న మాటలు పట్టాలని చెప్పాను. ఆమె చుట్ట తీసి, తల ఒకవైపు వంచి చూసింది. క్యూ మీద వేలు పెట్టి, "ఇది ఒంటికాలి కొంగ" అంది. ఎన్ మీద పెట్టి, "ఇది గుడిసె వాకిలి." వై మీద పెట్టి, "ఇది పంగలకర్ర. మూడూ ఒక్క గుంపులో ఉండాల, అంతేనా? ఓస్! అడుగులు సూడ్డమే గదా. ఇటియ్యి."

చాటలో సామలు ఒక మూలకి తోసి, రెండో మూల పుస్తకం పెట్టుకుంది. నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతసేపో నిలవలేదు. ఆమె పెదాలు కదల్లేదు, వేలు ఆగలేదు. రాళ్ళు ఏరే చూపుతోనే పేజీ పైనుంచి కిందికి దిగి, గడ్డి వంగిన చోట ఆగినట్టు ఠక్కున ఆగేది. పి దగ్గర ఒక్కసారి ఆగి, "ఇస్సి, ఇది అటు మల్లిన కొంగ, నాకొద్దు" అని దాటిపోయింది. నేను ఒక పేజీ చూసేలోగా ఆమె పది పేజీలు తిప్పింది.

"నీకు ఒక్క అక్షరం రాదు కదా, ఎలా దొరుకుతున్నాయి?" అన్నాను ఉడుకుమోత్తనంతో.

"నీకు వొచ్చు గదా, అందుకే దొరకవు. పులి అడుగు కనిపిత్తే పులి పేరు సదువుతా కూకుంటావేటి? సదవకు. తోక కిందికి దిగినకాడే సూడు."

కాసేపటికి తనలో తను నవ్వుకుంది. "ఓలమ్మ! ఈ కొంగ ఒంటరిగా ఎక్కడికీ ఎల్దు బాబూ. ఎక్కడికెల్లినా ఎనకాల మూతి తెరిసిన కుండ ఒకటి ఎంటబెట్టుకునే తిరుగుద్ది." చూశాను. నిజమే, ప్రతి క్యూ పక్కనా యు. మా ఇంగ్లీషు మాస్టారు పేము బెత్తంతో నేర్పబోయి వదిలేసిన సంగతి, అక్షరం రాని మనిషి అరగంటలో తనంతట తానే పట్టేసింది.

దొరికిన మాట మళ్ళీ తప్పిపోకుండా గుర్తు పెట్టాలి కదా. పెన్సిలు ఇస్తే తీసుకోలేదు. నడుముకి కట్టిన మూటలోంచి నల్లజీడి గింజ తీసి, ముల్లు గుచ్చి, ఆ ముల్లుతో మాట పక్కన ఒక చుక్క పెట్టింది. చాకళ్ళు బట్టల మీద గుర్తుకి వాడే గింజే అది. "నీల్లకి పోదు, సున్నానికి పోదు. నువ్వు మాత్రం ముట్టకు బాబూ. మైదానపోల్ల తోలు పలసన."

పది చుక్కలయ్యాక చాట పక్కన పెట్టి, నా వంక తిన్నగా చూసింది. "వేట పడితే వాటా ఉంటాది, ఎరికేనా? ముందు అడుగు సూసినోలికి తలకాయి. బల్లెం ఏసినోలికి తొడ. ఎంట ఉరికి అరిసిన కుక్కకి కూడా ఒక ముక్క ఉంటాది. ఎవులికీ ఎయ్యకుండా తిన్నోడు ఊల్లో మనిసి కాదు."

"తలకాయ నీకే. ఏం కావాలో చెప్పు" అన్నాను ఉదారంగా. ఉద్యోగం ఇంకా రాకముందే నాకు దొరతనం వచ్చేసింది.

ఆమెకి కావలసింది ఒక పనసచెట్టు. కొడుకు పుట్టిన ఏడు ఆమె మొగుడు నాటాడట. మొగుడు పోయాడు, చెట్టు కాపుకొచ్చింది. అంతకు ముందేడు అడవి ఆఫీసువాళ్ళు రిజర్వు అడవి హద్దు కొలిచి రాళ్ళు పేర్చినప్పుడు చెట్టు పది బారల దూరంలో గీతకి లోపల పడింది. ఆ ఏడు కాయ కోయబోతే గార్డు అడ్డం తిరిగాడు. "ఇప్పుడు పిందిలేసినాది. నా సెట్టు కాయి నాను కోస్తే దొంగనంట. ఈ మాటలు బుదురి పట్టినాది, దాని సెట్టు దానికియ్యండని రేంజరు బాబుకి ఒక్క మాట సెప్పు. అదే నా తలకాయి."

చెప్తానని చేతిలో చెయ్యి వేశాను.

గురువారం పొద్దెక్కేసరికి చివరి పేజీ అయిపోయింది. నా అందమైన దస్తూరీతో జాబితా ఎత్తి రాశాను. మా మావయ్య అది చూసి నోరు తెరిచాడు, చుక్కల సంగతి చెప్పగానే ఆ నోరు మూసి, గొంతు తగ్గించాడు. "ఒరే అల్లుడా, సొంతంగా ఎతకమన్నారా నేదా? ఊడిసే మనిసి సేత సేయించినావని తెలిత్తే కుర్రకుంక కురుపాం వోడికి పోద్ది ఉద్యోగం. బేగి ఏదో ఒకటి ఆలోసించు." నేను ఆలోచించాను. ముందు ఉద్యోగం చేతిలో పడనీ, పదిరోజులాగి చెట్టు సంగతి నెమ్మదిగా కదుపుదాం అనుకున్నాను. చెడ్డపని చేసేవాడు ఎవడూ చెడ్డపని చేస్తున్నాననుకోడు, వాయిదా వేస్తున్నాననుకుంటాడు.

ఒక్క చిక్కుంది. పుస్తకం నిండా నల్లచుక్కలు, నా వేళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. చుక్కలు పెట్టినవాడి వేళ్ళకి మరక ఉండొద్దూ? అరుగు మీద ఆమె మరిచిపోయిన గింజలు రెండున్నాయి. రాయితో చితక్కొట్టి, ఆ జీడి పది వేళ్ళకీ గోరింటాకులా పట్టించుకున్నాను. మా చాకలి ముట్టుకునేవాడు కదా, నాకేమవుతుందిలే అని. శుక్రవారం తెల్లారేసరికి వేళ్ళు వేళ్ళలా లేవు, అరటిపళ్ళలా ఉన్నాయి. ఒళ్ళంతా దురద, కుడిచేతి నిండా నీటిబొబ్బలు. ఆ చేత్తోనే జాబితా పట్టుకెళ్ళి నిలబడ్డాను.

రేంజరు గారు ఒక్కో మాట మీదా పెన్సిలు ఆనించి చూస్తూ పోయారు. ఆయన మొహంలో వెలుగు చూస్తే నాకే ముచ్చటేసింది. "ముప్పై ఎనిమిది! శభాష్! చేతికేమైందయ్యా?"

"రాసి రాసి వాచిందండి."

"ఎవరైనా సాయం చేశారా?"

"ఎవరూ లేదండి. నేనే."

వరండాలో చీపురు చప్పుడు ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ సర్రుసర్రుమని మొదలైంది. ఆ క్షణం ఎంత పొడుగుందో ఇప్పుడు కూడా కొలవగలను.

తపాలా మనిషి ఈటె గజ్జెలు గలగలలాడించుకుంటూ ఆ కవరుతో కొండ దిగిపోయాడు. ఆ సాయంత్రం బుదురి నా చేతులు చూసి, వద్దంటున్నా వినకుండా చింతాకు దంచి కట్టు కట్టింది. కట్టు బిగిస్తూ ఒకే మాట అంది: "రాత్తే ఇలాగ వాయదు బాబూ." అంతే. తిట్టినా బాగుండేది.

పక్కవారం చైత్ర పండగ వచ్చింది. ఆ రోజుల్లో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవిలోకి వేటకి పోతే, ఊరు ఊరంతా ఆడవాళ్ళ రాజ్యం. దారికి అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని పాటలు పాడతారు. వచ్చేపోయేవాడు ఏదో ఒకటి ఇచ్చి నవ్వుతూ దాటాలి. వేటకెళ్ళి ఉత్త చేతుల్తో వచ్చిన మగవాడికి మాత్రం పేడనీళ్ళు. ఎంత మొనగాడైనా సరే తల వంచి పోయించుకోవలసిందే. రేంజరు గారు గుర్రం మీద, నేను కాగితాల సంచితో వెనక, అటు వెళ్ళాం. ఆయన బెల్లం ముద్ద ఇచ్చారు, బొంగు లేచింది. గుర్రం దాటగానే నా ముందు టపీమని దిగింది. నేనూ బెల్లం ముద్ద తీశాను. ఎవరూ చెయ్యి చాపలేదు. ఒక పిల్ల నా వేళ్ళ మీది మచ్చలు చూసి కిసుక్కుమంది. "ఓలమ్మ, నల్లజీడి పూసుకున్న గుంటడు ఈడేనే!" ఊరందరికీ తెలిసిపోయింది. గింజ చూస్తే తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే ఆ లోయలో.

బుదురి ముందుకొచ్చింది. చంకలో కుండ. "ఈ బాబు ఉత్త సేతుల్తో వొచ్చినోడు కాదర్రా. పెద్ద వేటే తెచ్చినాడు. వాటా ఎయ్యనేదు" అంది.

"అలాటోడికి ఒక కుండ సాల్దు!" అని ఎవరో అరిచారు. నిజంగానే రెండు కుండలు పోశారు. నెత్తి మీంచి, చెవుల వెనకనుంచి, కొత్త చొక్కాలోకి.

రేంజరు గారు గుర్రాన్ని వెనక్కి తిప్పారు. "ఏమిటిది బుదురీ? ఏం వేట?"

"నాను సెప్పను బాబూ. ఆయనకి నోట్లో నాలిక ఉన్నాది."

ఇరవై మంది ఆడవాళ్ళు, ఒక గుర్రం, ఒక దొర నా నోటి వంక చూస్తున్నారు. కనుబొమ్మల మీంచి పేడనీళ్ళు కారుతున్నాయి. "కొన్ని మాటలు బుదురి చూపించిందండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. "సగం అండి." కుండలో ఇంకా కొంచెం మిగిలినట్టు చప్పుడైంది. "రెండు మా మావయ్యవండి. మిగతావన్నీ ఆవిడవే. నేను ఎత్తి రాశానంతే. ఆవిడ పనసచెట్టు మీ గీతలో పడింది, అడుగుతానని చేతిలో చెయ్యి వేసి, అడగలేదు." ఆ ఒక్క గుక్కలో పెంచినదంటూ ఏమీ లేదు. నా జీవితంలో అలాంటి గుక్కలు రెండో మూడో ఉంటాయి.

ఆయన మా ఇద్దర్నీ ఆఫీసుకి రమ్మన్నారు. పలక మీద వేరే మూడు అక్షరాలు గీసి బుదురి ముందు పెట్టారు. ఆమె చుట్ట తీసి, తల వంచి, "ఇది మెలికల దారి, ఇది తన్నే కాలు, ఇది బుంగ" అని, చాట అడిగింది. చాటలో పెడితే గాని ఆమెకి చూపు ఆనదట. రేంజరు గారి గడియారంలో ఐదు నిమిషాలు తిరక్కుండానే రెండు పట్టింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "కురుపాం కుర్రాడు జ్వరం భయంతో రానని కార్డు రాశాడు. నువ్వు జాబితా తేవడానికి ముందురోజే అందింది. నువ్వు సున్నా తెచ్చినా ఉద్యోగం నీదేనయ్యా" అన్నారు.

అంటే ఆ అబద్ధం నాకు ఎందుకూ పనికిరాలేదు. ఒంటి మీద పేడ ఆరితే చిటపటలాడుతుంది, అంతకన్నా ఎక్కువ చిటపటలాడింది ఆ మాట.

హద్దురాళ్ళు కదపడం తన చేతిలో లేదన్నారాయన. కాయ మీద హక్కు రాసివ్వడం మాత్రం తన చేతిలో ఉందన్నారు. "కూర్చో. రాయి." బొబ్బలు పగిలిన వేళ్ళతో, కలం నిలబడక వంకరటింకరగా, నేను ఆ ఆఫీసులో రాసిన మొదటి కాగితం అది: ఫలానా గుట్ట వాలున ఉన్న పనసచెట్టు ఫలసాయం బుదురికీ, ఆమె తర్వాత ఆమె కొడుక్కీ చెందుతుంది, ఎవరూ అభ్యంతరపెట్టరాదు. నా బతుకులో అంత చెడ్డ దస్తూరీతో అంత మంచి కాగితం మళ్ళీ రాయలేదు. కాగితం బుదురి చేతిలో పెడుతూ, "తీసుకో అప్పా" అన్నాను. మా వైపు అక్కని పిలిచే అప్ప అనే మాట ఎప్పుడు నోట్లోకి వచ్చిందో నాకే తెలీదు. ఆమె కాగితం తిరగేసి, మరగేసి, ఒకచోట వేలు పెట్టి, "మన కొంగ ఇందులో నేదేటి?" అంది.

"ఇది తెలుగు అప్పా. తెలుగులో ఆ కొంగ వాలదు."

"అయితే మంచి కాయితవే."

మద్రాసు పత్రికలో మా రేంజరు గారి పేరు రాలేదు. ఎవరో తంజావూరు వైపాయన డెబ్బై పంపాడట. రేంజరు గారు రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. మూడోరోజు నుంచీ మధ్యాహ్నం ఆయన ఒక చివర, బుదురి ఒక చివర, మధ్యలో చాట. ఆ తర్వాతి వారాల మాటలకి చుక్కలు పెట్టనివ్వలేదాయన, దొరికింది దొరికినట్టు నేను ఎత్తి రాసేవాణ్ణి. బదిలీ అయి వెళ్ళిపోతూ డిక్షనరీ నాకిచ్చారు. "చుక్కలు జాగ్రత్త" అన్నారు.

ఆ ఏడు పనసకాయలు ముగ్గాక, ఒకరోజు పొద్దున్నే మా వాకిట్లో అడ్డాకు పొట్లం ఉంది. విప్పితే ఒకే ఒక్క పనసతొన, తేనె కారుతూ. నాకు గర్వం పట్టలేదు. "ఏటప్పా, బల్లెం వేసినవాడి వాటానా?" అన్నాను బుదురి నీళ్ళు పోస్తుంటే.

"కాదు బాబూ. ఎంట ఉరికి అరిసిన కుక్కది."

నేను అక్కడున్న ఆరేళ్ళూ ప్రతి కాపుకీ ఒక తొన, అడ్డాకులో, వాకిట్లో. ఒక్క ఏడు తప్పలేదు, ఒక్క ఏడు రెండో తొన లేదు. ఆ తర్వాత నేను పెద్దపెద్ద ఆఫీసులు చూశాను, పదవీ విరమణకి వెండి పళ్ళెం ఇచ్చారు, మనవరాలు అమ్మవారి దగ్గర పెట్టింది. కిందటేడు రైల్లో లోయకి వెళ్ళినప్పుడు ఆ గుట్ట వెతికాను. వాలంతా కాఫీ తోట, నీడకి వేసిన చెట్లు నిటారుగా పోలీసుల్లా నిలబడి ఉన్నాయి. బుదురి ఎప్పుడో పోయింది. ఆమె కొడుకు కూడా లేడు. చెట్టు ఉందని ఒకడు, లేదని ఒకడు అన్నారు. ఉంటే ఎవరు కోస్తున్నారో అని అడగబోయి మానుకున్నాను. కాగితం ఎవరి దగ్గరా ఉండదు. ఇప్పుడు దేనికైనా ఎన్నో కాగితాలు ఉంటున్నాయి, అన్నీ చక్కటి టైపు అక్షరాలు. ఒక్కదాని మీదా బొబ్బ మరక కనపడదు.

ఇదంతా విన్నాక మా మనవరాలు పుస్తకం మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. "అయితే ముప్పై ఎనిమిదిలో రెండు మీ మావయ్యవి, ముప్పై ఆరు ఆవిడవి. నీది ఒక్కటీ లేదా తాతయ్యా?"

"ఎందుకు లేదు! పెన్సిలు గీత చూడు" అన్నాను ఠీవిగా.

వెతికి, క్వినైను దగ్గర ఆగింది. అక్షరాలు లెక్కపెట్టుకుని, పాపం, నవ్వు ఆపుకుంటూ నా వంక చూసింది. "దీంట్లో వై లేదు తాతయ్యా."

లేదు. ఆ సంగతి ఆ శుక్రవారమే రేంజరు గారు జాబితాలోంచి కొట్టేసి చెప్పారు. యాభై ఏళ్ళుగా లేనివన్నీ చెప్పాను గాని, అది మాత్రం చెప్పలేదు. ఆ సాయంత్రం మనవరాలు బజారుకెళ్ళి పనసతొనలు తెచ్చింది. స్టీలు పళ్ళెంలో నా ముందు పెడితే, ఒక్కటి తీసుకుని మిగతావి వెనక్కి తోశాను.

"చాలా తాతయ్యా?"

"చాలు" అన్నాను. "నా వాటా ఇంతే."